కుమొర్థిన్ లోయలో నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర వేల్స్‌కు వెళ్లే తెలుగువాళ్లలో ఎక్కువమంది స్నోడన్ శిఖరం చూసి తిరిగి వచ్చేస్తారు. అక్కడికి కొద్ది దూరంలోనే, బ్లైనై ఫెస్టినియోగ్ పట్టణం వెనక, కుమొర్థిన్ అనే లోయ ఉంది. వందేళ్లకు పైగా మనుషులు ఆ కొండల్ని లోపలినుంచి తొలిచి, పలకరాయిని తవ్వి తీసి, ప్రపంచం నలుమూలలా ఇళ్లకు కప్పులు వేశారు. తర్వాత పని ఆగిపోయింది, జనం వెళ్లిపోయారు. గోడలు, రాతి గుట్టలు, పట్టాలు తీసేసిన వాలుదారులు మిగిలాయి. ఆ లోయలో నడవాలనుకునేవారు అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. దారి వివరాలు ఎంత చెప్పానో అక్కడ పనిచేసిన వాళ్ల గురించీ అంత చెప్పాను. వాళ్ల సంగతి తెలియకుండా నడిస్తే అక్కడ కనిపించేవి కూలిన గోడలు మాత్రమే.

ఈ లోయ ఎక్కడ ఉంది? కారు లేకుండా చేరుకోగలమా?

చేరుకోవచ్చు. లండన్ యూస్టన్‌నుంచి హ్లాన్‌డిడ్నో జంక్షన్ వరకు పెద్ద రైలు, అక్కడినుంచి కాన్వీ నది వెంట వెళ్లే చిన్న రైలు. ఈ రెండో రైలు సుమారు గంటసేపు నదీలోయల వెంట నడిచి, చివర మూడున్నర కిలోమీటర్ల సొరంగంలోకి దూరుతుంది. సొరంగం దాటగానే బూడిదరంగు రాతి గుట్టల మధ్య బ్లైనై ఫెస్టినియోగ్ స్టేషన్ వస్తుంది. ఈ ప్రాంతానికి ఇంతకన్నా మంచి ప్రవేశద్వారం లేదు.

పట్టణంనుంచి తనగ్రిషై అనే ఊరికి నడిచి వెళ్లవచ్చు, లేదా ఫెస్టినియోగ్ చిన్న రైలులో ఒక్క స్టేషన్ దూరం. ఊరి పైభాగాన, డోల్‌రెడిన్ అనే చోట కార్లు ఆపుకునే స్థలం ఉంది. నడక అక్కడే మొదలవుతుంది. చిన్న రైలు అన్ని రోజుల్లోనూ నడవదు, చలికాలంలో మరీ తక్కువ. బయలుదేరే ముందు వేళలు చూసుకోవాలి.

ఎంత దూరం? ఎంత కష్టం?

లోయలోని సరస్సు వరకు అరగంట. సరస్సు పక్కగా ప్రార్థనామందిరం వరకు వెళ్లి తిరిగి వస్తే, నెమ్మదిగా చూసుకుంటూ నడిచినా రెండు గంటలు చాలు. లోయ చివర కొండెక్కి రోసిద్ గని దాకా వెళ్లాలంటే రానూపోనూ మూడు నాలుగు గంటలు పెట్టుకోండి. మొదట్లో వాగు పక్కన కొంచెం నిటారు ఎక్కుడు, సరస్సు దగ్గర చదును, చివర మెలికలు తిరుగుతూ మళ్లీ ఎక్కుడు. తిరుమల మెట్లు ఎక్కగలిగినవారికి ఇందులో భయపడవలసింది ఏమీ లేదు. అయితే దారి నిండా పలకరాతి ముక్కలే. తడిస్తే బాగా జారతాయి. చీలమండను పట్టి ఉంచే బూట్లు తప్పనిసరి.

దారిలో వరుసగా ఏమేమి కనిపిస్తాయి?

ముందు వాగు, చిన్న జలపాతాలు. కుడివైపు కొండవాలంతా రాతి గుట్టలు. వాటి మధ్యలో తిన్నగా పైకి గీసినట్లు ఒక వాలుదారి కనిపిస్తుంది. నింపిన బండి తన బరువుతో కిందికి దిగుతూ, అదే తాడుకు రెండో కొసన ఉన్న ఖాళీ బండిని పైకి లాగే ఏర్పాటు అది. దిగే సరుకు బరువే అక్కడ ఇంజను. ఇలాంటి వాలుదారులు ఈ కొండల్లో ఎటు చూసినా ఉంటాయి. ఒక్కసారి గుర్తుపట్టడం వస్తే, పలకరాయి గనినుంచి మిల్లుకు, మిల్లునుంచి రైలుకు ఎలా దిగిందో కళ్లతోనే గీసుకోవచ్చు.

ఎక్కుడు అయిపోగానే లోయ ఒక్కసారిగా తెరుచుకుంటుంది. మోయెల్విన్ కొండలు ఎడమవైపు నిలబడి ఉంటాయి. ముందు సరస్సు. దాని మొదట్లోనే కప్పులు లేని ఇళ్ల వరుస ఒకటి ఉంది, కుమొర్థిన్ గని పనివాళ్ల కుటుంబాలు కాపురం ఉన్న చోటు. ఇక్కడ ఆగండి. పొయ్యి గూళ్లు ఇంకా కనిపిస్తాయి. ఊళ్లకు ఊళ్లు పలకరాతితో కప్పిన మనుషులు ఉన్న ఇళ్లు ఇవి. ఇప్పుడు వీటి మీదే కప్పు లేదు.

సరస్సు ఒడ్డున కంచె చూడండి. కట్టె గుంజలు కావు, నిలువుగా పాతి తీగతో ఒకదానికొకటి కట్టిన పలకరాతి బద్దలు. చెట్లు అరుదైన చోట ఉన్న రాయితోనే పని గడుపుకున్నారు. పిట్టగోడలు, మెట్లు, వాగు మీద బండలు, గుమ్మాల మీద అడ్డరాళ్లు, అన్నీ అదే రాయి.

సరస్సు దాటాక, ఎవరూ లేని పచ్చిక మైదానంలో ఒంటరిగా నిలబడి ఉంటుంది గోర్లాన్ ప్రార్థనామందిరం. కప్పు ఎప్పుడో పోయింది, గోడలు మాత్రం నిలిచాయి. కొంచెం ముందుకెళ్తే గని అధికారుల ఇల్లు, ప్లాస్ కుమొర్థిన్, అదీ శిథిలమే. దాని చుట్టూ నాటిన చెట్లు మాత్రం బతికున్నాయి. లోయ కొసన కాంగ్లోగ్ అనే చిన్న గని మిల్లు గోడలు ఉంటాయి. అక్కడికి కాస్త ముందే దారి ఎడమకు తిరిగి కొండెక్కుతుంది.

ఆ ఎక్కుడు చివర రోసిద్. నా దృష్టిలో మొత్తం నడకకు ఇదే గుండెకాయ. రెండు కొండల మధ్య కనుమలో, గాలికి ఎదురుగా, ఒక ఊరంత మిల్లు శిథిలం. దాని పక్కన ‘తొమ్మిదో లెవెల్’ సొరంగం నోరు. అందులోనుంచి చల్లటి నీరు వాగై బయటికి పారుతూ ఉంటుంది. ఎదురుబొదురుగా పనివాళ్లు బస చేసిన రెండు వరుసల బారక్ గదులు. వాటి మధ్య సందులో నిలబడితే గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఒకప్పుడు ఇక్కడ రంపాల మోత ఎలా ఉండేదో ఊహించుకోవడానికి కొంత సమయం పడుతుంది. తొందరపడి వెనుదిరగవద్దు.

ఇంత పెద్ద రాతి గుట్టలు ఎందుకు? తవ్వి ఎందుకు పారేశారు?

పలకరాయి పనిలో చెత్తే ఎక్కువ. పనికొచ్చే ఒక టన్ను కప్పు పలకలకు దాదాపు పది టన్నుల రాయి వృథా అయ్యేది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. పగులు ఉన్నవి, చీలనివి, రంపం కింద విరిగినవి, అంచు చెక్కినప్పుడు రాలినవి అన్నీ బండ్లకెత్తి మిల్లు బయట చదును స్థలం చివరికి తీసుకెళ్లి కుమ్మరించేవారు. కుప్ప ముందుకు పెరిగేకొద్దీ పట్టాలూ దానిమీదే ముందుకు వేసుకునేవారు. అందుకే గుట్టల తలలు చదునుగా, వేళ్లలా ముందుకు చాచి ఉంటాయి. ఆ తల మీదనుంచి ఎన్ని బండ్లు దొర్లాయో లెక్క వేసుకుంటే ఆ పనిమంతుల శ్రమ ఎంతో అర్థమవుతుంది.

ఈ రాయి ఇక్కడే ఎందుకు దొరికింది?

సుమారు 45 కోట్ల ఏళ్ల కిందట ఇది సముద్రం అడుగు. అక్కడ పేరుకున్న మెత్తటి బురద గట్టిపడింది. తర్వాత భూమి పొరలు ఒకదాన్నొకటి నెట్టుకున్నప్పుడు పుట్టిన ఒత్తిడికి అందులోని సన్నటి ఖనిజాలన్నీ ఒకే దిశకు తిరిగాయి. అందుకే రాయి ఆ దిశలో పలుచని రేకులుగా చీలుతుంది. చీలే దిశకూ, బురద పొరలుగా పేరుకున్న దిశకూ సంబంధం లేదు. చేతిలోకి ఒక ముక్క తీసుకుని చూస్తే పాత పొరల గీతలు వాలుగా కోసుకుంటూ పోవడం కొన్నిసార్లు కనిపిస్తుంది.

ఫెస్టినియోగ్‌లో ఈ పొరలు నిటారుగా లేవు, ముప్పై డిగ్రీలకు అటూఇటూగా కొండ లోపలికి వాలి ఉన్నాయి. పైనున్న కొండనంతా తవ్వి తీయడం కుదరదు. అందుకే పెన్‌రిన్, డినోర్విగ్ వంటి ఇతర వేల్స్ గనుల్లో ఆకాశం కింద మెట్లు మెట్లుగా తవ్వితే, ఇక్కడ మాత్రం భూమి లోపలికే వెళ్లారు. లోయలో మనకు కనిపించేది ఆ పనిలో చిన్న భాగం. పెద్ద భాగం మన కాళ్ల కింద ఉంది.

గని లోపల పని ఎలా జరిగేది?

సొరంగాలు ఒకదానిపై ఒకటిగా అంతస్తుల్లా తవ్వేవారు, వాటికి అంకెలతో పేర్లు. ప్రతి అంతస్తులో పక్కపక్కనే పెద్ద పెద్ద గదులు, మధ్యలో పైకప్పును మోయడానికి రాతి గోడలు వదిలేవారు. గదిలో పనివాడు తొడకు గొలుసు చుట్టుకుని వాలు బండ మీద వేలాడుతూ, కొవ్వొత్తి వెలుగులో ఇనుప కడ్డీతో రంధ్రం వేసి, తుపాకీమందు కూరి పేల్చేవాడు. విడిపోయిన దిమ్మెల్ని పట్టాల బండి మీద మిల్లుకు పంపేవారు. మిల్లులో రంపంతో కోసిన తర్వాత, చీల్చేవాడు కాళ్ల మధ్య దిమ్మెను ఆనించుకుని, వెడల్పు ఉలిని అంచున పెట్టి సుత్తితో తట్టేవాడు. దిమ్మె రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా విడిపోయేది. తవ్విన రాయి ఆరిపోక ముందే చీల్చాలి, ఆలస్యమైతే సరిగా విడిపోదు. ఆ తర్వాత మరొకడు అంచులు సరిచేసి కొలతకు తెచ్చేవాడు.

కొలతలకు రాచరికపు పేర్లు పెట్టారు. ఇరవై నాలుగు అంగుళాల పొడవు, పన్నెండు వెడల్పు ఉంటే ‘డచెస్’, ఇరవై, పది అయితే ‘కౌంటెస్’, పదహారు, ఎనిమిది అయితే ‘లేడీ’. మసి కొవ్వొత్తుల మధ్య ఎన్నో వేలమంది మనుషులు జీవితమంతా రాణుల్నీ దొరసానుల్నీ లెక్కపెట్టారు.

కూలి లెక్క రోజుకింత అని కాదు. ముగ్గురో నలుగురో జట్టుగా చేరి, నెలనెలా గనిలోని ఒక రాతి భాగం తవ్వడానికి అధికారితో బేరం కుదుర్చుకునేవారు. ఆ పద్ధతినే ‘బార్గెన్’ అనేవారు. రాయి బాగుంటే ధర తక్కువ, చెడ్డదైతే ఎక్కువ ఇవ్వాలని సూత్రం. కానీ రాయి మంచిదా కాదా అని తేల్చేది అధికారే. అతనికి నచ్చని జట్టుకు చెడ్డ రాయి, తక్కువ ధర రెండూ దక్కే ప్రమాదం ఎప్పుడూ ఉండేది. పైగా తుపాకీమందు, కొవ్వొత్తులు, పనిముట్ల సానకు డబ్బు పనివాళ్ల కూలిలోనుంచే కోసేవారు. నెల చివర చేతికి వచ్చేది ఎంతో ముందుగా ఎవరికీ తెలియదు. వేల్స్ పలకరాయి గనుల్లో జరిగిన పెద్ద గొడవలన్నిటి వెనకా ఈ బేరం పద్ధతి ఉంది. 1900లో పెన్‌రిన్‌లో మొదలై మూడేళ్లు సాగిన సమ్మె వాటిలో అన్నిటికన్నా చేదుది.

రోసిద్ బారక్‌లలో ఎవరు ఉండేవారు?

దూరపు ఊళ్ల పనివాళ్లు. సోమవారం తెల్లవారకముందే వారానికి సరిపడా రొట్టెలూ వెన్నా మూట కట్టుకుని కొండెక్కి వచ్చేవారు, శనివారం మధ్యాహ్నం దిగి ఇంటికి పోయేవారు. ఇరుకు గదుల్లో పక్కపక్కనే మంచాలు, ఒకే పొయ్యి, తడి బట్టలు ఆరేదీ అక్కడే. 1890ల్లో ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఈ ప్రాంతపు గనుల పరిస్థితులను పరిశీలించింది. ఆ గదుల్లో నిలబడి చూసినవారికి విచారణలో ఏమి తేలిందో ఊహించడం కష్టం కాదు.

కానీ వాళ్ల జీవితం కష్టమొక్కటే అనుకుంటే అన్యాయం చేసినట్లే. మధ్యాహ్నం తిండి తినే చిన్న గదిని ‘కాబన్’ అనేవారు. అక్కడ అధ్యక్షుణ్ణి ఎన్నుకుని, వరుస ప్రకారం చర్చలు పెట్టేవారు. రాజకీయాలు, బైబిలు, పద్యాలు, పాటల పోటీ, ఏదీ వదిలేవారు కాదు. కొన్ని కాబన్‌ల చర్చల రాతప్రతులు నేటికీ ఉన్నాయి. లోయలోని ప్రార్థనామందిరంలో ఆదివారం బడి నడిచేది, పెద్దలూ పిల్లలూ వేల్ష్ భాషలో చదవడం నేర్చుకునేవారు. ప్రభుత్వమూ, గని యజమానుల్లో చాలామందీ ఇంగ్లిష్‌లో నడిచినప్పుడు, ఈ గదుల్లోనే ఆ భాష చదువుగా, చర్చగా, కవిత్వంగా నిలబడింది. బ్లైనై ఫెస్టినియోగ్ వీధుల్లో ఇప్పటికీ మీకు మొదట వినిపించేది వేల్షే. దుకాణంలో ‘బోరే దా’ అని పలకరించి చూడండి, మొహాలు వికసిస్తాయి. శుభోదయం అని దాని అర్థం.

కుమొర్థిన్ గనిని ‘కబేళా’ అనేవారట, నిజమేనా?

నిజమే. ఆ పేరు పెట్టింది బయటివాళ్లు కాదు, అందులో పనిచేసినవాళ్లే. పైకప్పునుంచి ఊడిపడే బండలు, ఆలస్యంగా పేలే మందు, తెగే గొలుసులు. కొవ్వొత్తి వెలుగుకు యాభై అడుగుల పైనున్న కప్పు కనిపించదు. మోసే గోడలను కూడా ఆశకొద్దీ చెక్కి తీసిన చోట మొత్తం గదులే కూలాయి. పక్కనున్న ఓక్‌లీ గనుల్లో 1882-83లో లక్షల టన్నుల కొండ కూలింది. రోసిద్‌లో 1900లో పెద్ద భాగం లోపలికి కుంగిపోయింది. రోసిద్ పైన కొండ మీద నోళ్లు తెరిచిన గుంటలు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

బండలు చంపినవాళ్ల లెక్క రాసుకున్నారు. ధూళి చంపినవాళ్ల లెక్క చాలాకాలం ఎవరూ రాయలేదు. మిల్లులో రంపాల దగ్గర లేచే సన్నటి సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని, సిలికోసిస్ వచ్చి, నలభైలూ యాభైలలోనే ఊపిరాడక పోయినవారు ఎంతోమంది. గని యజమానుల దగ్గర పనిచేసే వైద్యుల్లో కొందరు ధూళి హాని చేయదని, పనివాళ్లు మరీ కాచిన టీ తాగడమే జబ్బులకు మూలమని చెప్పారు. ఈ మాట చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. పలకరాయి పనివాళ్లకు ఈ జబ్బుకు పరిహారం దక్కే చట్టం 1979లో గానీ రాలేదు. అప్పటికి చాలా గనులు మూతపడ్డాయి, చాలామంది వెళ్లిపోయారు. మన రాతి క్వారీల్లో, పలకల కర్మాగారాల్లో ఇవాళ కూడా మూతికి గుడ్డ కట్టుకుని పొడి రంపం ముందు నిలబడేవాళ్లను చూసినప్పుడు ఈ లోయ గుర్తు రావాలి. రంపం మీద నీళ్లు పోస్తే, గాలి లాగే గొట్టాలు పెడితే తగ్గే జబ్బు ఇది.

ఇంత పెద్ద పరిశ్రమ ఎందుకు ఆగిపోయింది?

1831లో పలకరాయి మీద పన్ను ఎత్తేశారు. 1842లో హాంబర్గ్ నగరం తగలబడి మళ్లీ కట్టుకున్నప్పుడు గిరాకీ పెరిగింది. కర్మాగారాల ఊళ్లు పెరిగిన కొద్దీ కప్పులు కావాల్సి వచ్చాయి. 1890ల నాటికి ప్రపంచంలోని కప్పు పలకల్లో మూడో వంతు వేల్స్‌వే. 1898లో సుమారు 17 వేలమంది పనిచేస్తూ ఏడాదికి దాదాపు అయిదు లక్షల టన్నులు తీశారు. అదే శిఖరం. ఆ తర్వాత ఇళ్ల నిర్మాణం మందగించింది, సమ్మెలతో కొనుగోలుదారులు విదేశీ పలకలకు మళ్లారు, చౌకగా మట్టి పెంకులూ కాంక్రీటు పెంకులూ వచ్చాయి, మొదటి ప్రపంచ యుద్ధం మనుషుల్ని తీసుకుపోయింది. రోసిద్ 1930లో ఆగిపోయింది. కుమొర్థిన్‌ను 1900లోనే ఓక్‌లీ తనలో కలుపుకుంది. 1970ల మొదట్లో ఓక్‌లీ మూతపడ్డాక, ఈ లోయలో చిన్నస్థాయి తవ్వకం 1990ల వరకు అక్కడక్కడా సాగింది. 1881లో 11 వేలకు పైగా జనం ఉన్న ఫెస్టినియోగ్‌లో ఇప్పుడు అయిదు వేలకు అటూఇటూ ఉంటారు. వెళ్లినవాళ్లలో కొందరు అమెరికాలో వెర్మాంట్, న్యూయార్క్ సరిహద్దు పలకరాయి గనుల్లో మళ్లీ అదే ఉలి పట్టారు.

సొరంగాల లోపలికి వెళ్లవచ్చా?

మీ అంతట మీరు వెళ్లకండి. దారిపక్కనే చీకటి నోళ్లు ఉంటాయి, కొన్నింటికి తలుపులు ఉంటాయి, కొన్నింటికి ఉండవు. పది అడుగులు వెళ్లి చూసి వద్దామనిపిస్తుంది. లోపల చెక్క వంతెనలు కుళ్లిపోయాయి, అడుగున గదులు నీటితో నిండి ఉన్నాయి, ఫోనుకు సిగ్నల్ ఉండదు. అనుభవజ్ఞులు తాళ్లతో, పడవలతో క్రోయ్‌సోర్ గనినుంచి రోసిద్ గని వరకు భూమి లోపలినుంచే దాటుతారు. అది వేరే విద్య, వేరే తయారీ.

చూడాలని ఉంటే శిక్షణ ఉన్న మార్గదర్శకులతో కుమొర్థిన్ గనిలోకి తీసుకెళ్లే యాత్రలు ఉన్నాయి. 2023నుంచి అక్కడ 419 మీటర్ల లోతున రాత్రి బస చేసే గదులు కూడా ఉన్నాయి. పిల్లలతో వెళ్లేవారికి హ్లెఖ్‌వెద్ గని సందర్శన సులభం, చిన్న రైలులో కిందికి దించి చూపిస్తారు.

పిల్లల్ని, ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్లవచ్చా?

సరస్సు, ప్రార్థనామందిరం వరకు నిశ్చింతగా. మోకాళ్ల నొప్పులున్నవారికి మొదటి ఎక్కుడు, అదే దారిలో దిగుడు ఇబ్బంది. చేతికర్ర ఇవ్వండి, ఆగుతూ నడవండి. పిల్లల్ని గోడల మీద ఎక్కనివ్వకండి. సున్నం లేకుండా పేర్చిన గోడలు, ఒక్క రాయి కదిలితే వరుస మొత్తం వస్తుంది. రాతి గుట్టల మీదికి అసలే వద్దు. దారిలో మరుగుదొడ్డి, దుకాణం, నీడ ఏవీ లేవు. పులిహోరో చపాతీలో, నీళ్లో, ఫ్లాస్కులో టీయో వెంట ఉంచుకోండి.

ఏ కాలంలో వెళ్లాలి?

మే, జూన్, సెప్టెంబరు. బ్రిటన్‌లో బాగా వానలు పడే చోట్లలో ఇదొకటి, కాబట్టి ఏ నెలలో వెళ్లినా వానకోటు సంచిలో ఉండాలి. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది. రోసిద్ కనుమలో పొగమంచు దిగితే దారి కనిపించదు, అక్కడ గుంటలు ఉన్నాయి కాబట్టి తెలిసిన దారినే వెనక్కి రావాలి. ఆపద వస్తే 999కు ఫోన్ చేసి ముందు పోలీసును, తర్వాత పర్వత రక్షక దళాన్ని అడగాలి.

ఒక మాట చెప్పాలి. వాన వెలిసిన గంటలో ఈ లోయ అందం వేరు. తడిసిన పలకరాయి బూడిదరంగు వదిలి నీలం, ఊదా రంగులకు తిరుగుతుంది. ఎండ కోసం మరీ ఎదురుచూడకండి.

మన మార్కాపురం పలకలకూ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

రాయి జాతి ఒకటే. బడిపిల్లలు అ, ఆలు దిద్దిన పలకల కోసం తెలుగునాట మార్కాపురానికి ఎంత పేరుందో మనకందరికీ తెలుసు. అక్కడి రాయి దేశమంతటా బడులకు వెళ్లింది. ప్లాస్టిక్ పలకలూ నోటుపుస్తకాలూ వచ్చాక ఆ పని పడిపోయింది, నేల మీద పరిచే, గోడలకు అంటించే బండల వైపు మళ్లింది. వేల్స్ కూడా కప్పులతో పాటు రాసే పలకలు చేసి ఓడలకెక్కించింది. ఇళ్ల కప్పుల కోసం, పిల్లల చదువు కోసం కొండల్ని తొలిచిన రెండు చోట్లలోనూ రాయి చీల్చే చేతికి ఒకే నేర్పు కావాలి, ఊపిరితిత్తులకు ఒకే ప్రమాదం పొంచి ఉంటుంది.

మార్కాపురం పనివాళ్ల మాటలు, పనిముట్ల పేర్లు, బేరాల పద్ధతులు ఎవరైనా వివరంగా రాసి పెట్టాలని నా కోరిక. వేల్స్‌లో గని ఆగిన తర్వాత కూడా దాని భాషా, లెక్కల పుస్తకాలూ, పాటలూ పోకుండా దాచుకున్నారు. మన దగ్గర ఆ పని చేయగలిగినవాళ్లు ఇంకా బతికున్నారు.

అక్కడ ఇప్పుడు ఏమైనా బతుకుతున్నాయా?

గొర్రెలు, ముందుగా. గేట్లు తెరిస్తే మూసేయండి, కుక్క ఉంటే పట్టుకుని నడవండి. కాకిజాతి పెద్ద పక్షులు గోడల మీద కూర్చుని గట్టిగా అరుస్తాయి. పాత సొరంగాలలో గబ్బిలాలు చలికాలం గడుపుతాయి. రాతి గుట్టల మీద మట్టి లేదు కాబట్టి వందేళ్లయినా చెట్లు పుట్టలేదు. రాళ్ల సందుల్లో మాత్రం ఫెర్న్ మొక్కలు గుబురుగా వస్తాయి.

ఇది జాతీయ పార్కులో భాగమా? ప్రపంచ వారసత్వ స్థలమా?

1951లో స్నోడోనియా జాతీయ పార్కు గీసినప్పుడు రాతి గుట్టల పట్టణం అందంగా లేదని బ్లైనై ఫెస్టినియోగ్‌ను మధ్యలో వదిలేసి చుట్టూ గీత గీశారు. ఆ అవమానం పట్టణంవాళ్లు మరిచిపోలేదు. 2021 జులైలో యునెస్కో వాయవ్య వేల్స్ పలకరాయి ప్రాంతాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఫెస్టినియోగ్ గనులూ పట్టణమూ పోర్త్‌మాడోగ్ రైలు మార్గమూ అందులో ఉన్నాయి. ఒకప్పుడు దాచిపెట్టవలసినవిగా కనిపించిన గుట్టలకే ఆ గుర్తింపు దక్కింది. నాకు ఇది న్యాయంగా తోస్తుంది.

గుర్తుగా ఒక పలకరాతి ముక్క తెచ్చుకోవచ్చా?

వద్దు. కోట్ల ముక్కలున్నాయి కదా అనిపిస్తుంది. కానీ గోడలకు చెందినదేదో గుట్టకు చెందినదేదో మనకు తెలియదు. తుప్పుపట్టిన పట్టాలు, మేకులు, గొలుసు ముక్కలు కూడా ఎక్కడున్నవి అక్కడే ఉండాలి. గోడల మీద పేర్లు చెక్కడం అసలే వద్దు. ఫెస్టినియోగ్ దుకాణాల్లో స్థానిక చేతిపనివాళ్లు చేసిన పలకరాతి వస్తువులు దొరుకుతాయి, వాటికి డబ్బు పెడితే ఊరికి మేలు.

ఇంకో రోజు మిగిలితే ఏమి చూడాలి?

ఫెస్టినియోగ్ రైలు ఎక్కి పోర్త్‌మాడోగ్ ఓడరేవు దాకా వెళ్లండి. 1836లో ఈ మార్గం తెరిచినప్పుడు పలకల బండ్లు కొండమీదినుంచి రేవు వరకు తమ బరువుతోనే దొర్లుకుంటూ వెళ్లేవి. గుర్రాలు చివరి బండిలో నిలబడి గడ్డి తింటూ కిందికి దిగేవి, ఖాళీ బండ్లను పైకి లాగడం వాటి వంతు. 1863లో ఆవిరి ఇంజన్లు వచ్చాయి. 1946లో మూతపడిన ఈ రైలును స్వచ్ఛందంగా పనిచేసిన ఔత్సాహికులు 1955నుంచి ముక్కముక్కగా తిరిగి నడిపారు. 1963లో ప్రారంభించిన తనగ్రిషై జలవిద్యుత్ కేంద్రం జలాశయం కింద పాత మార్గం మునిగితే, కొండచుట్టూ మెలిక తిప్పి కొత్త దారి వేసి, 1982లో మళ్లీ బ్లైనై చేరుకున్నారు.

హ్లాన్‌బెరిస్‌లో జాతీయ పలకరాయి మ్యూజియం ఉంది. అక్కడ చీల్చే పనిని చేసి చూపిస్తారు. మరమ్మతుల కోసం 2024 చివర మూసివేశారు, కాబట్టి తెరిచి ఉందో లేదో కనుక్కుని వెళ్లండి. ఓపిక ఉన్నవారు రోసిద్‌నుంచి కనుమ దాటి క్రోయ్‌సోర్ గ్రామానికి దిగవచ్చు. 1864లో వేసిన క్రోయ్‌సోర్ పట్టాలమీదికి రోసిద్ పలకలను దించిన నిటారు వాలుదారి ఆ వైపే ఉంది. క్రోయ్‌సోర్‌నుంచి బస్సు సదుపాయం చాలా తక్కువ, తిరుగు ప్రయాణానికి కారు ఏర్పాటు చేసుకుని బయలుదేరండి.